రిగ్గు దగ్గర మూడు బస్తాలు: భూమి లోపల బంకమట్టి కథ

(శుక్రవారం మన సంఘం కూడికలో సభ్యులొకరు చేసిన ప్రసంగం ఇది. డ్యూటీ వల్ల రాలేకపోయిన వాళ్లు అడిగారని రాసి పంపిస్తున్నాం. కొంచెం పెద్దది, రూముకెళ్లాక తీరిగ్గా చదవండి.)



నేను చదివింది పదో తరగతి. ఇక్కడ కువైట్‌లో కట్టడం పనిలో చేరి చాలా ఏళ్లయింది, ఇప్పుడు సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మట్టి గురించి మాట్లాడటానికి నాకు డిగ్రీ లేదు. పునాదులు తవ్వించిన అనుభవం ఉంది. పైలింగ్ సైట్లలో మట్టి పరీక్షలు చేసే ఇంజినీర్లని విసిగించి అడిగి తెలుసుకున్నది కొంత, మా అబ్బాయి ఫోన్లో తీసి పంపితే చదువుకున్నది కొంత. అదే ఇవాళ చెబుతాను.

ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య మన కుర్రాళ్లు కొంతమంది సివిల్ పని వదిలి చమురు రిగ్గుల దగ్గర హెల్పర్లుగా వెళ్తున్నారు. మడ్ కలపడం, బస్తాలు మోయడం, ట్యాంకులు కడగడం, ఇవీ పనులు. జీతం నాలుగు దీనార్లు ఎక్కువ వస్తుందంటే వెళ్లొద్దని నేను చెప్పను. అలా వెళ్లబోతున్న ఒక తమ్ముడు నన్ను అడిగాడు, "అన్నా, బావిలోంచి మట్టి తియ్యాలి గానీ, బావిలోకే మట్టి నీళ్లు పోస్తారంట, ఎందుకు?" అని. ఆ ప్రశ్నకి సరైన జవాబు తెలిస్తే ప్రాణం కాపాడుకోవడం కూడా తెలుస్తుందండి. అందుకే ఈ టాపిక్ తీసుకున్నాను.

రిగ్గు దగ్గర మీరు మోసే బస్తాల్లో ముఖ్యమైనవి మూడు. ఒకటి బెంటోనైట్, రెండు పొటాషియం క్లోరైడ్, మూడు బెరైట్. ఈ మూడూ ఎందుకో చెబుతూ పోతే భూమి లోపల బంకమట్టికి ఏమవుతుంది, దానికీ చమురుకీ ఏంటి సంబంధం అన్నది దానంతటదే వచ్చేస్తుంది.

మొదటి బస్తా: బెంటోనైట్

పైలింగ్ పని చేసిన వాళ్లందరికీ ఇది తెలుసు. బోరు గోడలు కూలకుండా బెంటోనైట్ కలిపిన నీళ్లు నింపుతాం. పిడికెడు పొడి వేస్తే బకెట్లో నీళ్లు జావలాగా చిక్కబడతాయి. ఇది కొత్తదేం కాదు, మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. రెండింట్లోనూ ముఖ్యమైన ఖనిజం ఒకటే రకం, దాన్ని స్మెక్టైట్ అంటారు. నల్లరేగడి నేలలో ఇల్లు కట్టిన వాళ్లకి దాని సంగతి నేను చెప్పక్కర్లేదు. ఎండాకాలం చెయ్యి దూరేంత బీటలు వారుతుంది. వానలు పడితే ఉబ్బి గచ్చు పైకి లేపుతుంది, గోడలు పగులుతాయి.

ఎందుకు ఉబ్బుతుందంటే, దాని రేణువు లోపల అప్పడాల కట్టలాగా రేకులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఆ రేకుల సందుల్లోకి నీళ్లు దూరతాయి. నీళ్లు దూరితే రేకులు ఎడంగా జరుగుతాయి, ఎండితే దగ్గరవుతాయి. సందులో నీళ్లున్నప్పుడు ఒక రేకు నుంచి పై రేకుకి దూరం సుమారు 15 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే మిల్లీమీటరులో కోటో వంతు. కంటికి కనపడని ఆ సందు ఉబ్బితేనే మన గోడలు పగులుతున్నాయి చూడండి.

ఇప్పుడు ఈ మట్టి భూమి లోపలికి ఎలా వెళ్తుందో చూద్దాం. 6.6 కోట్ల ఏళ్ల నాడు దక్కన్ పీఠభూమి మీద పారిన లావా గట్టిపడి నల్లరాయి అయింది. ఆ రాయి అరిగి నల్లరేగడి అయింది. ఆ నేలని కోసుకుంటూ కృష్ణా, గోదావరి సముద్రంలోకి తీసుకెళ్తాయి. అందుకే మన నదులు బంగాళాఖాతంలో పోసే ఒండ్రులో స్మెక్టైట్ ఎక్కువ. వరదల్లో గోదావరి ఎర్రగా, బురదగా పారుతుంటే నిలబడి చూస్తాం కదండీ, అందులో ఎక్కువ భాగం సముద్రంలోకే పోతుంది. ఏటా ఒక పొర, దాని మీద మరో పొర. కింద ఉన్నది పాతుకుపోతూ ఉంటుంది.

సముద్రం అడుగున అప్పుడే పేరుకున్న బురదలో సగానికి పైగా నీళ్లే. పైన పొరలు పడేకొద్దీ బరువుకి ఆ నీళ్లు పిండుకుపోతాయి, పెరుగు గుడ్డలో కట్టి మీద రాయి పెట్టినట్టు. మొదటి ఒకటి రెండు కిలోమీటర్ల లోతులో జరిగేది ముఖ్యంగా ఇదే. ఇది రేణువుల మధ్య ఉన్న నీళ్ల సంగతి. రేకుల సందుల్లో ఇరుక్కున్న నీళ్లు మాత్రం అంత తేలిగ్గా పోవు. వాటిని కదిలించాలంటే వేడి కావాలి.

భూమి లోపలికి ఒక్కో కిలోమీటరు దిగేకొద్దీ చాలా చోట్ల 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. అంటే మూడు కిలోమీటర్ల లోతులో దాదాపు 100 డిగ్రీలు. అంత వేడిలో లక్షల, కోట్ల ఏళ్లు ఉంటే ఈ మట్టి గుణమే మారిపోతుంది. దానికి రెండో బస్తా కావాలి.

రెండో బస్తా: పొటాషియం క్లోరైడ్

వ్యవసాయం చేసిన వాళ్లకి ఇది బాగా పరిచయం. పొలంలో వేసే పొటాష్ ఇదే. రిగ్గు దగ్గర దీన్ని మడ్‌లో ఎందుకు కలుపుతారు? చేను పండించడానికి కాదు కదా.

భూమి లోపల జరిగేది ముందు చెబుతాను. మట్టితో పాటు నది తెచ్చిన ఇసుకలో ఫెల్డ్‌స్పార్ గింజలు ఉంటాయి. గ్రానైట్ ఫ్లోరింగ్‌లో గులాబీ రంగు గింజలు చూస్తాం కదా, అలాంటివి. వాటిలో పొటాషియం ఉంటుంది. సుమారు 60, 70 డిగ్రీలు దాటాక ఆ గింజలు మెల్లగా కరిగి పొటాషియం బయటికొస్తుంది. అది వెళ్లి స్మెక్టైట్ రేకుల మధ్య చేరుతుంది. ఆ రేకుల మీద చిన్న చిన్న గుంటలుంటాయి, పొటాషియం సరిగ్గా ఆ గుంటల్లో కూర్చుంటుంది. గడియ పడ్డట్టే. రేకులు దగ్గరికి వచ్చేస్తాయి, మధ్యలో నీళ్లు బయటికి తోసుకుపోతాయి. 15 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరం 10కి వస్తుంది. ఇక ఆ మట్టి నీళ్లలో వేసినా ఉబ్బదు. దాని పేరు కూడా మారిపోతుంది, ఇల్లైట్ అంటారు.

పచ్చి ఇటుకకీ కాలిన ఇటుకకీ తేడా లాంటిదే ఇది. పచ్చి ఇటుక వానకి కరిగి బురదవుతుంది. బట్టీలో కాలాక కరగదు. బట్టీలో కొన్ని రోజుల్లో వందల డిగ్రీలతో అయ్యేది వేరే మార్పు గానీ, భూమి తక్కువ మంట మీద కోట్ల ఏళ్లు కూర్చోబెట్టి తన పద్ధతిలో మార్చుకుంటుంది.

దీన్ని బాగా కొలిచింది అమెరికాలో, గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఒడ్డున. అక్కడ చమురు బావులు తవ్వినప్పుడు వచ్చిన రాతి ముక్కల్ని లోతు ప్రకారం వరసగా పెట్టి ఎక్స్‌రేతో పరీక్షించారు. హోవర్ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 1976లో అచ్చువేసిన ఫలితం చాలా పేరుపొందింది. సుమారు 2000 మీటర్ల దగ్గర ఆ మట్టి రేకుల్లో ఇల్లైట్ వంతు 20 శాతం కంటే తక్కువ. 3700 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 80 శాతం. అదే లోతుల్లో పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్ తగ్గుతూ వచ్చింది. అంటే ఒకటి కరిగి ఇంకోదానికి పొటాషియం ఇచ్చిందని లెక్క సరిపోయింది.

ఇంకో విషయం. మట్టి మారేటప్పుడు నీళ్లతో పాటు సిలికా కూడా బయటపడుతుంది. అది రేణువుల మధ్య చేరి సిమెంటులా పట్టేస్తుంది. మెత్తటి బురద పొరలు పొరలుగా చీలే గట్టి రాయి అవడంలో దానికీ వాటా ఉంది. ఆ రాయినే షేల్ అంటారు.

ఇక రిగ్గు సంగతి. బోరు ఇంకా పూర్తిగా మారని మట్టి పొరలోంచి వెళ్తున్నప్పుడు, మడ్‌లో నీళ్లు తగిలి ఆ మట్టి ఉబ్బుతుంది. బోరు ఇరుకైపోతుంది, పైపు ఇరుక్కుంటుంది, గోడలు రాలతాయి. అందుకే మడ్‌లో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఆ పొటాషియం రేకుల మధ్యకి వెళ్లి ఉబ్బకుండా పట్టి ఉంచుతుంది. భూమి కోట్ల ఏళ్లలో చేసే పనిలో కొంచెం మనం కొన్ని గంటల్లో చేసుకుంటున్నాం. మీరు మోసే తెల్ల బస్తా పని అదన్నమాట.

మరి చమురు ఎక్కడ?

సముద్రంలో నాచు, కంటికి కనపడని జీవులు చచ్చి అడుగున బురదలో కలుస్తాయి. గాలి ఆడని చోట అవి పూర్తిగా కుళ్లకుండా మట్టితో పాటు పాతుకుపోతాయి. సన్నటి మట్టి రేణువులు వాటిని పట్టుకుని కాపాడతాయి. లోతుకి వెళ్లేకొద్దీ ఆ చచ్చిన పదార్థం కెరోజన్ అనే గట్టి పదార్థం అవుతుంది. దాన్ని ఇంకా వేడి చేస్తే చమురు వస్తుంది. ఎంత వేడి? సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్య. ఇంకా ఎక్కువైతే చమురు విరిగి గ్యాస్ అవుతుంది.

ఇక్కడ గమనించండి. మట్టి గుణం మారే వేడీ, చమురు పుట్టే వేడీ దాదాపు ఒకటే. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టుకుని చూస్తాం కదా. అలాగే ఒక రాయిలో ఇల్లైట్ ఎంత, స్మెక్టైట్ ఎంత అని చూస్తే ఆ పొర చమురు పుట్టేంత ఉడికిందా లేదా అన్న అంచనా దొరుకుతుంది. వెతికేవాళ్లకి ఇది చాలా ఉపయోగం. మట్టి ఇంకా పచ్చిగానే ఉందంటే ఆ పొరలో చమురు పుట్టి ఉండకపోవచ్చు. దీన్ని ఒక్కదాన్నే నమ్మరు, పొటాషియం ఎంత దొరికింది, ఎంతకాలం వేడిలో ఉంది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి వేరే గుర్తులతో కలిపి చూస్తారు.

1960లలో ఇంకో ఆలోచన వచ్చింది. పవర్స్ 1967లో, బర్స్ట్ 1969లో రాసినదాని సారం ఏంటంటే, మట్టి రేకుల్లోంచి బయటపడిన ఆ నీళ్లే చమురుని షేల్‌లోంచి తోసి ఇసుకరాతిలోకి చేర్చి ఉంటాయని. చాలాకాలం అందరూ దాన్నే చెప్పుకున్నారు. తర్వాత లెక్కలు వేసినవాళ్లు ఆ నీళ్లొక్కటే అంత చమురుని మొయ్యడానికి చాలవనీ, చమురు పుట్టిన ఒత్తిడితో తన దారిన తానే ఎక్కువగా కదులుతుందనీ అన్నారు. కానీ ఆ నీళ్లు ఒత్తిడి పెంచడంలో పాలుపంచుకుంటాయన్న మాట నిలబడింది. మన ప్రాణాలకి సంబంధించింది ఆ ఒత్తిడే.

మూడో బస్తా: బెరైట్

కడప అన్నలూ, ఈ బస్తా మీదే. రైల్వే కోడూరు దగ్గర మంగంపేట ముగ్గురాయి గనులు తెలియని వాళ్లు మీలో ఉండరు. ప్రపంచంలోనే పేరున్న బెరైట్ నిక్షేపం అది. ఆ ముగ్గురాయిని పొడి చేసి దేశదేశాల చమురు బావులకి పంపుతారు. దాని గొప్పతనం బరువు. నీళ్ల కంటే నాలుగు రెట్లకి పైగా బరువుంటుంది.

ఆ బరువు ఎందుకు కావాలి? మనం బిల్డింగులో నీళ్ల పైపుకి టెస్టు చేసేటప్పుడు చదరపు సెంటీమీటరుకి 10 కిలోల ఒత్తిడి పెడితేనే జాయింట్లు జాగ్రత్తగా చూస్తాం. 3000 మీటర్ల లోతులో ఊరికే నిలబడ్డ నీళ్ల ఒత్తిడే 300 కిలోలు. పైన ఉన్న రాతి బరువు మొత్తం కలిపితే 700 కిలోల దాకా ఉంటుంది. మామూలు పొరల్లో నీళ్లకి పైకి దారి ఉంటుంది కాబట్టి ఒత్తిడి ఆ 300 దగ్గర ఉంటుంది. కానీ మట్టి పొర నీళ్లని వదలదు. నది తొందరతొందరగా ఒండ్రు పోస్తే, లోపలి నీళ్లు బయటపడేలోపే మీద బరువు పెరిగిపోతుంది. అప్పుడు రాతి బరువులో కొంత ఆ నీళ్లే మొయ్యాల్సి వస్తుంది. ఒత్తిడి పెరగడానికి పెద్ద కారణం ఇదే. దానికి తోడు స్మెక్టైట్ ఇల్లైట్‌గా మారుతూ ఇంకొన్ని నీళ్లు వదులుతుంది. చమురు, గ్యాస్ పుట్టడం ఇంకొంత ఒత్తిడి కలుపుతుంది. మూత బిగించిన కుక్కరు, విజిల్‌కి దారి లేదు. అలాంటి చోట డ్రిల్లు దిగితే ఏమవుతుందో ఆలోచించండి.

నీళ్లు లీటరు కిలో బరువు. బెరైట్ కలిపితే మడ్‌ని లీటరు రెండు కిలోల దాకా తేవచ్చు. అప్పుడు 3000 మీటర్ల మడ్ కింద 600 కిలోల ఒత్తిడి పెడుతుంది. లోపలి గ్యాస్‌ని అదిమి పట్టేది ఆ బరువే. తమ్ముడు అడిగిన ప్రశ్నకి ఇదీ జవాబు. బావిలోకి మట్టి నీళ్లు పోసేది బావిని అదుపులో పెట్టడానికి. ఆ బరువు చాలకపోతే గ్యాస్ పైకి తన్నుకొస్తుంది.

మా కోనసీమలో 1995 జనవరి 8న పాశర్లపూడి బావి అలాగే అదుపు తప్పి అంటుకుంది. 65 రోజులు మండింది. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా కనపడేది, చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ చేయించారు, కొబ్బరి చెట్లు మాడిపోయాయి. లోపల ఉన్నదాన్ని అదిమిపట్టకపోతే ఎలా ఉంటుందో మా వాళ్లు కళ్లారా చూశారు. మా కృష్ణా గోదావరి బేసిన్‌లో రాఘవాపురం షేల్ అని పది కోట్ల ఏళ్లకి పైబడిన పొర ఒకటుంది. అక్కడి చమురు, గ్యాస్‌కి అది ఒక ముఖ్యమైన తల్లి రాయి. ఆ బేసిన్‌లో తవ్వేవాళ్లు ఎక్కువ ఒత్తిడి ఉన్న మట్టి పొరలకి ఇప్పటికీ జాగ్రత్త పడతారు.

మరి ఇక్కడి చమురు సంగతి?

అన్ని చోట్లా కథ ఒకటే కాదండి. అరబ్ దేశాల చమురులో చాలా భాగం బంకమట్టిలో పుట్టలేదు, సున్నపు బురదలో పుట్టింది. సౌదీలోని ఘవార్ చమురుకి మూత కూడా మట్టి కాదు, జిప్సంకి చుట్టమైన అన్‌హైడ్రైట్. మన కువైట్‌లో 1938లో బయటపడ్డ బుర్గాన్‌లో మాత్రం చమురు ఇసుకరాళ్లలో ఉంది, దాని పైకి పోకుండా ఆపే మూత షేల్. ఇసుకరాతిలో ప్రపంచంలోనే అతి పెద్ద చమురు క్షేత్రం అది. 1946లో మొదటి ఓడ బయల్దేరింది. మనందరం ఇక్కడికి రావడానికి దారి వేసింది ఆ చమురే. దాన్ని కోట్ల ఏళ్లు పట్టి ఉంచినవాటిలో ఆ మట్టి రాయి కూడా ఉంది.

వెళ్లేవాళ్లకి చివరి మాట

ఇప్పుడు పని సంగతి. ఇవి గుర్తుపెట్టుకోండి, లేదా ఈ మెసేజ్ దాచుకోండి.

1. మడ్ ట్యాంకులో మట్టం ఏ కారణం లేకుండా పెరిగితే, లేదా పంపు ఆపాక కూడా బావిలోంచి మడ్ వస్తూనే ఉంటే, లోపలి నుంచి ఏదో తోస్తోందని అర్థం. వెంటనే డ్రిల్లర్‌కి గానీ మడ్ ఇంజినీరుకి గానీ చెప్పండి. ట్యాంకు పక్కన నిలబడేది హెల్పరే, ముందు కనపడేది హెల్పరుకే. "నాకెందుకు, పెద్దోళ్లు చూసుకుంటారు" అనుకోవద్దు. భాష రాకపోతే చేత్తో చూపించండి, అరవండి. తప్పుగా చెప్పినా నవ్వుతారేమో, అంతే.

2. ఎన్ని బస్తాలు కలపమన్నారో అన్నే కలపండి. బెరైట్ బస్తా ఒకటి తగ్గితే ఏం పోయిందిలే అనుకోవద్దు. లెక్క రాసేవాడికి నిజం లెక్క చెప్పండి. పైన చెప్పిన 600 కిలోలు ఆ లెక్క మీదే ఆధారపడి ఉన్నాయి.

3. బెంటోనైట్, బెరైట్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. ముక్కుకి తువ్వాలు చాలదు, దుమ్ము మాస్కు అడిగి తీసుకోండి. కాస్టిక్ సోడా కలిపేటప్పుడు నీళ్లలో కాస్టిక్ కొంచెం కొంచెంగా వెయ్యాలి, కాస్టిక్ మీద నీళ్లు పొయ్యకూడదు. కళ్లద్దాలు, రబ్బరు గ్లవ్స్ తప్పనిసరి.

4. కొన్ని బావుల నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ వస్తుంది. కుళ్లిన గుడ్డు వాసన. గాలి కంటే బరువు, పల్లంలో, ట్యాంకు అడుగున చేరుతుంది. ఎక్కువైతే ముక్కు వాసన పట్టే శక్తే పోతుంది. వాసన ఆగిపోయింది కాబట్టి గ్యాస్ పోయిందనుకోవద్దు. గ్యాస్ టెస్టు చేసి పర్మిట్ రాయకుండా ఏ ట్యాంకులోకీ దిగొద్దు.

5. ట్యాంకులో మనవాడు పడిపోతే మనసు ఆగదు, దూకాలనిపిస్తుంది. దూకొద్దు. గాలి సిలిండర్ మాస్కు లేకుండా దిగితే ఇద్దరు పోతారు. అలారం కొట్టి, శిక్షణ ఉన్నవాళ్లని పిలవండి.

6. ఈ గ్యాస్ గురించి ట్రైనింగ్ ఇవ్వకుండా రిగ్గు మీదికి పంపుతుంటే ఆ సంగతి మన సంఘానికి చెప్పండి. ఒక్కడివే అడిగితే వినకపోవచ్చు, మనం కలిసి అడుగుదాం.

మనం చదివింది తక్కువ కావచ్చు గానీ, రోజూ చేత్తో పట్టుకునే వస్తువు ఏంటో తెలుసుకోవడానికి చదువు అడ్డం రాదండి. రిగ్గు పనికి సంతకం పెట్టబోతున్న వాళ్లు వచ్చే శుక్రవారం కాగితాలు పట్టుకుని ఒక గంట ముందే రండి. పని ఏమని రాశారో, ట్రైనింగ్ సంగతి ఉందో లేదో కూర్చుని చదువుదాం. అరబ్బీ చదవగలిగిన అన్న కూడా వస్తానన్నారు.

టీ చల్లారిపోతోంది, తాగండి.